ఇల్లు మారేది ఈ మేలోనా, రెండేళ్ల తర్వాతా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మావారికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, జనవరిలో చేరాలి. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి నాలుగు. అమ్మాయి పదో తరగతి ఇక్కడే పూర్తయ్యాక కాపురం మారుద్దామని, అప్పటిదాకా ఆయన హాస్టల్‌లో ఉంటే సరిపోతుందని నా ఆలోచన. పొదుపు ఖాతాలో 2,10,000 రూపాయలు, వచ్చే సెప్టెంబరులో గడువు తీరే 3,00,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. సొంత ఫ్లాట్ మీద 19,000 ఈఎంఐ పోగా నెలకు 15,000 మిగులుతుంది. బిల్లులు చూపిస్తే మారే ఖర్చుల కింద కంపెనీ 75,000 ఇస్తుందట. ఎంత సిద్ధం చేసుకోవాలి? పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఫ్లాట్ అమ్మేయాలా? అన్నట్టు, సామాను తరలించడానికి ప్యాకర్లు ఫోనులోనే 27,000 చెప్పేశారు!

జవాబు: అమ్మా, లోన్ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది పదో తరగతి దగ్గర.

ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్, మెడిసిన్ వంటి కోర్సుల్లో రాష్ట్ర కోటా సీట్లకు స్థానికత చూస్తారు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా 4 విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది అందులో అసలు కొలత. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. అమ్మాయి జూన్‌లో హైదరాబాద్‌లో తొమ్మిదిలో చేరితే ఇంటర్ పూర్తయ్యేసరికి తెలంగాణలో ఆ నాలుగేళ్లూ నిండుతాయి. మీరనుకున్నట్టు పది అయ్యాక మారితే రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ. ఏ రాష్ట్రంలోనూ నాలుగు రావు. తల్లిదండ్రుల నివాసం వంటి వేరే దారులు కొన్ని ఉన్నా, అవి తరచూ మారుతుంటాయి, కోర్టులకూ ఎక్కుతుంటాయి. జాతీయ స్థాయి సీట్లకు ఈ గొడవ లేదు. కానీ కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకు వచ్చే కన్వీనర్ సీటు చేజారి యాజమాన్య కోటాలో చేరాల్సి వస్తే కట్టే ఫీజు ముందు లారీ కిరాయి ఏపాటిది?

రెండేళ్లు రెండు కాపురాలు నడపడమూ తేలిక కాదు. హాస్టల్‌కు 12,000, వారం వారం రైలు ప్రయాణాలకు, బయటి తిండికి 6,000 వేసుకున్నా నెలకు 18,000. 24 నెలలకు 4,32,000! జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆ ఖర్చు తప్పదు, పెరిగే జీతంలోంచి పోనివ్వండి. వార్షిక పరీక్షలు కాగానే టీసీలు తీసుకుని మేలో మారిపోండి. అమ్మాయి ఇంటర్ కూడా హైదరాబాద్‌లోనే అని ఇప్పుడే అనుకోవాలి. మధ్యలో విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీకి పంపితే మళ్లీ లెక్క చెడుతుంది.

ఇక డబ్బు. 28,000 అద్దె ఇల్లు అనుకుందాం. రెండు నెలల అడ్వాన్సు 56,000, మొదటి నెల అద్దె 28,000, బ్రోకరుకు ఒక నెల 28,000. సామాను తరలింపుకు 45,000. పిల్లలిద్దరికీ అడ్మిషన్, మొదటి విడత ఫీజు కలిపి 1,40,000 ఉంచండి. స్కూళ్లను బట్టి ఇదే పెరగవచ్చు, అందుకే డిసెంబరులోనే వెళ్లి కనుక్కోండి. ఏసీ విప్పి బిగించడం, కొత్త కిటికీలకు సరిపోని కర్టెన్లు, పైపులు, ప్లగ్గులు అంటూ 40,000 తెలియకుండానే పోతుంది. మొత్తం 3,37,000.

మీ పొదుపు 2,10,000, ఈ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మిగిలే 90,000 కలిపితే 3,00,000. తగ్గేది 37,000. దీనికి పర్సనల్ లోన్ ఎందుకమ్మా? డిపాజిట్ రద్దు చేయకుండా దాని మీదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ పడుతుంది, వాడుకున్న మొత్తానికే పడుతుంది. కంపెనీ 75,000 రాగానే తీర్చేస్తారు. ఆ డబ్బును జీతంతో పాటు బోనస్‌గా వేయవద్దని, బదిలీ ఖర్చుగానే ఇమ్మని మీవారిని అడగమనండి. బోనస్ అయితే మొత్తం మీద పన్ను పడుతుంది, నిజంగా అయిన తరలింపు ఖర్చుకు పన్ను పడుతుందో లేదో కంపెనీనే అడిగి తెలుసుకోమనండి. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో కూడా చూడమనండి. డిపాజిట్‌లో మిగిలినది అత్యవసర నిధి, దాన్ని ముట్టుకోవద్దు.

ప్యాకర్లు ఫోనులోనే 27,000 చెప్పారని ఉత్తరం చివర సంబరంగా రాశారు. ఇంటికొచ్చి బీరువాలు, మంచాలు చూడకుండా చెప్పిన ధర ధర కాదు. నేను ఇల్లు మారినప్పుడు సామానంతా లారీ ఎక్కి, తాడు బిగిస్తుండగా, మూడో అంతస్తు మెట్లంటూ ఇంకో 6,000 అడిగారు. మా ఫ్రిజ్ అప్పటికే వాళ్ల చేతుల్లో ఉంది, ఇక బేరమేమిటి? కిరాయి, మెట్లు, జీఎస్‌టీ, ఏసీ పని అన్నీ కాగితం మీద రాయించుకుని, సామాను విలువ చూపి రవాణా బీమా తీసుకోండి. బంగారం, పత్రాలు, నగదు మీ చేతి సంచిలోనే రావాలి. పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నెలాఖరు ఆదివారాల్లో లారీలకు గిరాకీ, రేటూ ఎక్కువే. నెల మధ్యలో మామూలు రోజు చూసుకోండి. అత్తగారు ముహూర్తం అంటారేమో. ఆ రోజు దేవుడి పటం, పాలగిన్నె, చిన్న స్టవ్వు పట్టుకెళ్లి పాలు పొంగించి రండి, సామాను తీరిగ్గా వస్తుంది. మరీ ముందు పొంగిస్తే మాత్రం అద్దె ఆ రోజు నుంచే లెక్కకొస్తుంది.

అద్దె ఇల్లు ఏప్రిల్‌లో చూడటమే నయం. నీళ్ల సంగతి ఎండల్లోనే బయటపడుతుంది. మంజీరా నీళ్లు, అంటే నగరపు కుళాయి నీళ్లు వస్తాయా, బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లో ఉన్నాయా, విడిగా వసూలు చేస్తారా అని వాచ్‌మన్‌ను అడగండి, ఓనరును కాదు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు అడ్వాన్సులో ఎంత కోస్తారో ఒప్పందంలో రాయించండి. చేరిన రోజు గోడలు, కుళాయిలు ఫోనులో ఫొటోలు తీసి ఓనరుకు పంపండి.

ఫ్లాట్ ఇప్పుడు అమ్మవద్దు. అద్దె 12,000 వచ్చినా ఈఎంఐలో చేతి నుంచి పడేది 7,000. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు ఏడాది గడిచాక, అక్కడే ఉండిపోతామని తేలాక ఆలోచించండి.

గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ లారీలో ఎక్కించకండి. ఏజెన్సీకి అప్పగిస్తే మీరు అప్పట్లో కట్టిన డిపాజిట్ తిరిగి ఇచ్చి వోచరు రాసిస్తారు. హైదరాబాద్‌లో దాన్ని చూపి ఇప్పటి డిపాజిట్ కట్టి కనెక్షన్ తీసుకోవాలి. కారు ఉంటే, 12 నెలలు దాటి అక్కడే నడపాలంటే ఇక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని తెలంగాణ నంబరుకు మార్చాలి, అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. పాత చలాన్లు ఉంటే ముందు కట్టేయండి, లేకపోతే ఎన్‌ఓసీ దగ్గరే ఆపుతారు.