జీతంతో పోల్చే ముందు గంటలు లెక్కపెట్టండి

ప్రశ్న: మా అమ్మాయి హెచ్‌ఆర్ ఉద్యోగం మానేసి, ఉద్యోగం మారాలనుకునేవాళ్లకి సొంతంగా కెరీర్ కోచింగ్ ఇస్తోంది. మొదలుపెట్టి ఏడాదైంది. పాత జీతంలో సగం కూడా రావడం లేదు. పొద్దస్తమానం పనిలోనే ఉంటుంది. మళ్లీ ఉద్యోగంలో చేరమని గట్టిగా చెప్పమంటారా?

జవాబు: ఇప్పుడే చెప్పకండి. ముందు మీరూ అమ్మాయీ కలిసి కూర్చుని ఒక లెక్క చూడండి.

నేనూ ఈ పని ఒక్కణ్నే మొదలుపెట్టినవాణ్ని. మొదట్లో ఫీజు ఎలా పెట్టానంటే, పాత జీతాన్ని నెలకి 160 గంటలతో భాగించి, వచ్చిన అంకెని గంట రేటు అనుకున్నాను. చాలామంది చేసే పొరపాటే ఇది. గంట సెషన్ అంటే గంటతో అయిపోదు. ముందు పాత నోట్స్ చదువుకోవాలి, తర్వాత కొత్తవి రాసుకోవాలి, టైమ్ మార్చమన్నవాళ్లకి మెసేజ్‌లు పెట్టాలి, ఫీజు గుర్తుచేయాలి. పైగా చేరతారో లేదో తెలియనివాళ్లతో ఉచితంగా మాట్లాడాలి. వారానికి 40 గంటలు కష్టపడినా ఫీజు వచ్చేవి 20 దాటడం గగనం. అంటే డైరీ పూర్తిగా నిండినా ఆ రేటుకి వచ్చేది సగం జీతమే! అందులోంచే ట్యాక్స్, శిక్షణ ఖర్చు, జబ్బు చేసిన రోజులు పోవాలి. మీ అమ్మాయి విషయంలోనూ జరిగింది ఇదేనేమో చూడండి. అలాగైతే తేడా ఫీజులో ఉంది, ఆమె పనితనంలో కాదు.

డబ్బు తర్వాత చూడాల్సింది మనుషుల్ని. ఏడాది చివర ఒక ఆదివారం పాత డైరీ తీసి, ప్రతి క్లయింటు పేరు ఎదురుగా ‘ఎవరు పంపారు’ అని రాసుకున్నాను. మొత్తం 23 పేర్లు. సోషల్ మీడియాలో నా పోస్టులు చూసి వచ్చినవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. ఆ పోస్టుల కోసం వారానికి ఒక రోజు తగలేసేవాణ్ని. 14 మందిని పంపింది మాత్రం ముగ్గురే: పాత ఆఫీసులో పనిచేసిన ఒకావిడ, నా మొదటి క్లయింట్లలో ఇద్దరు. ఆ ముగ్గురికీ ఒక్కసారైనా ఫోన్ చేసి థాంక్స్ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఆ 23 పేర్లలో నలుగురు చుట్టాలు, వాళ్లు ఇచ్చింది సగం ఫీజే. వాళ్లని లెక్కలోంచి తీసేసి చూస్తే తప్ప వ్యాపారం ఎలా నడుస్తోందో తెలియదు. మీ అమ్మాయి చేత కూడా ఈ జాబితా రాయించండి. పక్కన కూర్చోండి గానీ పేర్లు మాత్రం చూడకండి, ఎవరు కోచింగ్‌కి వస్తున్నారనేది గోప్యంగా ఉండాలి.

ఇంకోటి అడగండి: చివరి నిమిషంలో రాలేనన్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోందా? నేను తీసుకునేవాణ్ని కాదు. ‘ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం’ అనుకుంటూ ఖాళీ స్క్రీన్ ముందు కూర్చున్న సాయంత్రాలు బోలెడు. ఒక రోజు ముందు చెప్పకపోతే పూర్తి ఫీజు అని రాసిపెట్టాక అలాంటివి తగ్గాయి. మొహమాటం వదలడానికే నాకు తొమ్మిది నెలలు పట్టింది.

చాలా దేశాల్లో ఈ వృత్తికి లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా కోచ్ అని బోర్డు పెట్టుకోవచ్చు. అందుకని సర్టిఫికెట్‌కి కొంత విలువ ఉంది. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వాళ్ల తొలి మెట్టు సర్టిఫికెట్‌కి 60 గంటల శిక్షణ, క్లయింట్లతో 100 గంటల అనుభవం కావాలి. పై మెట్టుకి ఆ అనుభవం 500 గంటలు ఉండాలి. ఏడాదిలో ఎన్ని గంటలు చేసిందో రాసుకుందా అని అడగండి. వంద దగ్గరికి వచ్చి ఉంటే అది చిన్న విషయం కాదు. సర్టిఫికెట్ వల్ల మాత్రమే క్లయింట్లు వస్తారనుకోవద్దు. నన్ను ఆ కాగితం చూపించమని అడిగినవాళ్లు ఒక చేతి వేళ్లకి సరిపోతారు.

ఉద్యోగం వైపు చూడాల్సిన పరిస్థితీ ఉంటుంది. బయటివాళ్లలో ఏడాదంతా ఒక్కరు కూడా ఇంకొకరిని పంపలేదనుకోండి, ఫీజు మార్చినా లాభం లేదు. పని తీరే మారాలి. దాచుకున్న డబ్బు ఆరు నెలల ఖర్చులకి చాలకపోయినా ఆలోచించాల్సిందే, ఎందుకంటే డబ్బు టెన్షన్‌లో ఉన్న కోచ్ తనకి సరిపడని క్లయింటుని కూడా వద్దనలేరు. అయినా పూర్తిగా మానేయనక్కర్లేదు. హెచ్‌ఆర్ అనుభవం ఉంది కాబట్టి వారానికి రెండు మూడు రోజుల కాంట్రాక్టు పని వెతుక్కుని, మిగతా రోజుల్లో ఇది నడుపుకోవచ్చు. నా రెండో ఏడాది అలాగే గడిచింది.