కారు ముఖం మారిందని కారునే మార్చాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని, వయసు 44. నా భార్య ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.35 లక్షలు చేతికొస్తాయి. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఏడో తరగతి. అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. 2022లో టాటా సఫారీ కొన్నాం. రెండు ఎయిర్‌బ్యాగులే ఉన్న రకం. నెలకు 19,500 చొప్పున ఇంకా 22 వాయిదాలు కట్టాలి. ఇంటి అప్పుకు 28,000 పోతోంది. రూపం మార్చి తెచ్చిన ఫేస్‌లిఫ్ట్ సఫారీ అన్నీ కలిపి 26 లక్షలవుతుందట. పాతదానికి 11 లక్షలు ఇస్తామన్నారు. అందులో 4 లక్షల బాకీ తీర్చి, డిపాజిట్‌లోని 3 లక్షలు వేస్తే 16 లక్షల అప్పు కావాలి. 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు వాయిదా 25,750 లోపే. ‘నెలకు ఆరు వేలే కదా సార్ ఎక్కువ’ అంటున్నారు షోరూములో. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దండీ. ఎందుకు వద్దంటున్నానో ఆ ‘ఆరు వేల’ దగ్గరే మొదలుపెడతాను. ఇలాంటి మాట నమ్మి ఏడేళ్లు ఇబ్బంది పడే కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆరు వేల తేడా మొదటి 22 నెలలకే. ఆ తర్వాత మీ పాత వాయిదా పూర్తిగా ఆగిపోయేది. కొత్త అప్పు తీసుకుంటే మరో 62 నెలలు నెలనెలా 25,750 కడుతూనే ఉంటారు. మొదటి 22 నెలల్లో అదనంగా పోయేది సుమారు 1.37 లక్షలు, తర్వాతి 62 నెలల్లో దాదాపు 16 లక్షలు. డిపాజిట్ నుంచి తీసే 3 లక్షలూ కలిపితే 20 లక్షలు దాటుతుంది. కారు మార్చడానికి మీరు చెల్లించే అసలు ధర అది. ఏడేళ్ల తర్వాత మీ చేతిలో ఉండే కారు నాలుగేళ్లు కొత్తదై, కాస్త ఎక్కువ ధర పలుకుతుంది, కాదనను. కానీ ఆ తేడా 20 లక్షలకు దరిదాపుల్లో కూడా ఉండదు.

ఇంత డబ్బుకు కొత్తగా వచ్చేదేమిటి? సఫారీ 2021 ఫిబ్రవరిలో వచ్చింది, 2023 అక్టోబరులో దాని రూపం మార్చారు. ముందువైపు అడ్డంగా వెలిగే దీపాల పట్టీ, పై రకాల్లో 12.3 అంగుళాల తెర, తేలిగ్గా తిరిగే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ వచ్చాయి. మీరు తీసుకుందామనుకుంటున్నది డీజిల్ కారైతే ఇంజిన్ మాత్రం మీ కారులోని 1,956 సీసీ, 170 పీఎస్ ఇంజినే. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం కూడా అదే, 2,741 మిల్లీమీటర్లు. అంటే మీ నాన్నగారు మూడో వరుసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవలసి వస్తుంటే, కొత్త కారులోనూ అలాగే కూర్చుంటారు.

ఒక్క విషయంలో మీ ఆలోచనను తోసిపుచ్చలేను. అది భద్రత. కొత్త రూపంలో అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. 2023 డిసెంబరులో కార్ల భద్రతను కొలిచే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలూ వచ్చాయి. కుటుంబమంతా 163వ జాతీయ రహదారి మీద తరచూ హైదరాబాద్ వెళ్లివస్తుంటే ఇది చిన్న విషయం కాదు. అయినా దీనికోసం ఇప్పుడే 26 లక్షలు పెట్టక్కర్లేదు. మీ వాయిదాలు ముగిసేనాటికి 2024లో కొన్న ఫేస్‌లిఫ్ట్ కార్లు పాతవాటి కింద బాగానే దొరుకుతాయి. బీమా లెక్కలో రెండేళ్లు దాటిన కారు విలువకు 30 శాతం, మూడేళ్లు దాటితే 40 శాతం కోత పడుతుంది. ఆ తరుగుదలను మొదటి యజమాని భరించాక కొనడం మీకు లాభం. అప్పటిదాకా పెద్దవాళ్లను మధ్య వరుసలో కూర్చోబెట్టండి. వెనుక కూర్చున్నవాళ్లు సహా అందరూ బెల్టు పెట్టుకున్నాకే బండి కదలాలి. పరకాల దాకా పోయివచ్చే చిన్న ప్రయాణానికైనా సరే.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ 3 లక్షల డిపాజిట్. ఇంట్లో పెద్దవాళ్లున్నారు. రాత్రికి రాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే మీ చేతిలో ఉండే డబ్బు అదే. దాన్ని కదపకండి. ఇక అమ్మాయి సంగతి. పదో తరగతి అయ్యాక రెండేళ్లలో ఇంటర్ అయిపోతుంది. ఎప్‌సెట్ రాసి ఇంజినీరింగ్‌లో చేరితే ఆ నాలుగేళ్లూ మీ కొత్త అప్పు నడిమధ్యే పడతాయి. పాత వాయిదా ముగిసిన నెల నుంచే ఆ 19,500 రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి. ఏడాదికి 2.34 లక్షలు పోగవుతుంది, వడ్డీ అదనం. అమ్మాయి ఫీజులు పోగా మిగిలిందాన్నిబట్టి కారు మాట అప్పుడు చూద్దాం.

ఇంత చెప్పినా ఇంట్లో అందరూ కొనాలనే నిర్ణయించుకుంటే, కొటేషన్ కాగితం ముందు పెట్టుకుని ఒక్కో వరుసా చదవండి. షోరూము ధర 10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా తీసుకునే ఆదాయ పన్ను) వసూలు చేస్తారు. దాన్ని ఆదాయ పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. షోరూములోనే బీమా తీసుకోవాలన్న నియమం లేదు, బయట కూడా ధర అడగండి. పాత కారుకు మీరు కట్టిన జీవితకాల పన్ను మాత్రం కారుతోపాటే కొన్నవారికి వెళ్తుంది. 11 లక్షల మాట కూడా అంతటితో ఒప్పుకోకండి, వేరేచోట రెండు ధరలు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద కార్ల మీద పన్ను 50 శాతం నుంచి 40 శాతానికి తగ్గింది. కొత్తవాటి ధర దిగినప్పుడు పాతవాటి ధర కూడా దిగుతుంది కాబట్టి బేరం గట్టిగానే చేయాల్సి ఉంటుంది.

ఇన్నేళ్లలో బీమా క్లెయిమ్ ఏదీ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ మీ సొంతం, కారుది కాదు. పాత కారు అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి దాని ధ్రువపత్రం అడిగి తీసుకోండి. నాలుగేళ్లు క్లెయిమ్ లేకుంటే మీ కారుకు జరిగే సొంత నష్టానికి కట్టే ప్రీమియంలో 45 శాతం తగ్గుతుంది. దాన్ని ఎప్పుడు కొన్నా కొత్త పాలసీలో వాడుకోవచ్చు. మూడేళ్లు దాటకూడదు, అంతే.