పాత పారాఫిన్ బ్లాకుల్లోంచి డీఎన్ఏ తీసేటప్పుడు

చి. మాధవికి, పెద్దనాన్న ఆశీస్సులు.

పాత పారాఫిన్ బ్లాకుల్లోంచి, అంటే ఫార్మాలిన్‌లో (కణజాలం కుళ్ళకుండా ఉంచే ద్రవం) ఉంచి మైనంలో పొదిగిన కణజాలంలోంచి, డీఎన్ఏ తియ్యడానికి ఏ కిట్ మంచిదని అడిగావు. ముందు బ్లాకు సంగతి చూడమ్మా. ఫార్మాలిన్‌లో చెడిపోయిన డీఎన్ఏని ఏ కిట్టూ బాగుచెయ్యలేదు. బఫర్ (ఆమ్లత్వం మారకుండా చూసేది) కలిపిన 10 శాతం ఫార్మాలిన్‌లో ఒకటి రెండు రోజులు ఉన్న కణజాలమైతే ధైర్యంగా తీసుకో. బఫర్ లేకపోతే అందులో ఫార్మిక్ ఆమ్లం పుట్టి డీఎన్ఏని తునకలు చేస్తుంది. ఘాటైన ఆమ్లంతో మెత్తబరచిన ఎముక బ్లాకుల మీద ఆశ పెట్టుకోకు. ఈడీటీఏ అనే కాల్షియం లాగే రసాయనంతో చేసినవి పనికొస్తాయి.

గాలి తగిలిన పై రెండు మూడు పొరలు పారెయ్యి. తర్వాత 10 మైక్రాన్ల మందాన నాలుగైదు పొరలు కోసి నేరుగా ట్యూబులో వెయ్యి. బ్లాకు మారితే బ్లేడూ మారాలి. బ్లాకు మొత్తం అరగదీయకు. రేపు ఆ రోగి వైద్యానికే అది మళ్ళీ అవసరం పడొచ్చు.

1 మిల్లీలీటరు జైలీన్‌తో మైనం కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి, పైన తేలిన ద్రవం తీసేసి, అంతే అబ్సొల్యూట్ (నీళ్ళు లేని) ఆల్కహాల్‌తో కడుగు. చెన్నై గాలిలో తేమ ఎక్కువ. ఆ ఆల్కహాల్ నీళ్ళు పీల్చుకుంటుంది కనుక చిన్న సీసాలే తెరువు. మూత తీసి 37 డిగ్రీల దగ్గర వాసన పోయేదాకా ఆరనివ్వాలి. ఆల్కహాల్ మిగిలితే తర్వాత వేసే ఎంజైమ్ సరిగా పనిచేయదు.

ఆరాక 180 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టేది), 20 మైక్రోలీటర్ల ప్రోటీనేజ్ కె (ప్రోటీన్లను కరిగించే ఎంజైమ్) వేసి 56 డిగ్రీల దగ్గర ఉంచు. గంట చాలని కిట్ కాగితం చెప్పినా పీచు కణజాలాన్ని రాత్రంతా ఉంచు. తేటపడకపోతే కొత్త ఎంజైమ్ కలుపు. ఆపైన 90 డిగ్రీల దగ్గర ఒక గంట. ఫార్మాలిన్ వేసిన ముడులు విడిపోయేది ఇక్కడే. ఎక్కువసేపు ఉంచితే డీఎన్ఏ ఇంకా తెగుతుంది. హీటింగ్ బ్లాక్ ఒక్కటే ఉంటే, అది 90కి చేరేదాకా ట్యూబులు బయటే ఉండనీ. చివరికి డీఎన్ఏని పట్టి ఉంచే కిట్ కాలమ్ నుంచి దాన్ని 30-50 మైక్రోలీటర్ల ద్రవంలోకి దించు.

డీఎన్ఏని కొలిచే నానోడ్రాప్ యంత్రం అంకె చూసి సంతోషపడకు, అది ఆర్ఎన్ఏనీ లెక్కేస్తుంది. డీఎన్ఏకి అంటే రంగుతో కొలిచే క్యూబిట్‌తో చూసి, 100, 200, 300 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్కలకు పీసీఆర్ (ముక్కని ఎన్నో నకళ్ళు చేసే పద్ధతి) పెట్టు. 100 మాత్రమే వస్తే లైబ్రరీ (సీక్వెన్సింగ్ కోసం సిద్ధం చేసే డీఎన్ఏ ముక్కల గుంపు) చిన్న ముక్కలకు తగ్గట్టు తయారుచెయ్యి.

పాత బ్లాకుల డీఎన్ఏలో సైటోసిన్ (సీ) అనే బేస్ యురాసిల్‌గా మారి, అక్షరాలు చదివే సీక్వెన్సర్‌లో థైమిన్ (టీ అక్షరం)గా కనబడుతుంది. లేని మ్యుటేషన్లు పుట్టేది అలాగే. పీసీఆర్‌కు ముందు యురాసిల్‌ని తీసేసే యూడీజీ ఎంజైమ్ వాడు. మిథైల్ చేరిన సైటోసిన్ సరాసరి థైమిన్ అవుతుంది, దాన్ని యూడీజీ పట్టలేదు. అందుకే తక్కువ శాతంలో కనబడే సీ-టీ మార్పులను రెండోసారి తీసిన డీఎన్ఏలోనూ చూశాకే నమ్ము. ప్రతి బ్యాచ్‌లో కణజాలం లేని మైనం ట్యూబు ఒకటి నడుపు. అందులో డీఎన్ఏ కనబడితే ఆ బ్యాచ్ మొత్తం ఆపెయ్యి.