పాఠకుల ప్రశ్నలు: కౌంటర్ ప్రైవేటుది, సంతకం సర్కారుది

ప్రశ్న: మా అబ్బాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టాం. ఎంతకీ రావడం లేదు. సెంటర్‌లో అడిగితే తహసీల్దార్ ఆఫీసులో ఆగిందంటారు, అక్కడికి వెళితే మీసేవలోనే కనుక్కోమంటారు. గడువు దగ్గర పడుతోంది, ఇంట్లో అందరికీ టెన్షన్. అసలు మీసేవ ప్రభుత్వ ఆఫీసా, ప్రైవేటు షాపా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండూనండి. అందుకే ఇద్దరూ కలిసి మిమ్మల్ని బంతిలా ఆడుకుంటున్నారు.

కౌంటర్లో కూర్చున్న ఆపరేటర్ చాలా చోట్ల ప్రభుత్వ ఉద్యోగి కాదు. గది అద్దె, కంప్యూటరు, నెట్ ఖర్చు ఆయనే పెట్టుకుంటాడు, మీరు కట్టే చార్జీలో ఆయనకు కమీషన్ వస్తుంది. మీ కాగితాలు స్కాన్ చేసి ఎక్కించడం, డబ్బు తీసుకుని రశీదు ఇవ్వడం, చివర్లో పత్రం ప్రింటు తీసివ్వడం, ఆయన పని అంతవరకే. మధ్యలో జరిగేదంతా, అంటే ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ, తహసీల్దార్ డిజిటల్ సంతకం, పూర్తిగా ప్రభుత్వానిది. దాన్ని ఆపరేటర్ ముందుకు జరపలేడు, జరిపిస్తానని రశీదులో లేని డబ్బు అడిగితే ఇవ్వకండి.

మీసేవలో సేవలు రెండు రకాలు. ఇప్పటికే కంప్యూటర్లో ఉన్న రికార్డును ప్రింటు తీసి అక్కడికక్కడే ఇచ్చేవి 'ఎ' కేటగిరీ. ఎవరో ఒక అధికారి విచారించి ఒప్పుకున్నాకే వచ్చేవి 'బి' కేటగిరీ, ఆదాయ ధ్రువపత్రం ఇందులోకి వస్తుంది. కాబట్టి రశీదు మీద ఉన్న దరఖాస్తు నంబరుతో ఆన్‌లైన్‌లో స్టేటస్ చూడండి. ఇంకా పెండింగ్ అనే ఉంటే ఆ స్టేటస్ ప్రింటు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకే వెళ్ళండి, మీసేవలో అడగమంటే ఒప్పుకోవద్దు. స్కాన్ సరిగా లేదనో, ఒక కాగితం తగ్గిందనో తిప్పి పంపారని తేలితే మాత్రం సెంటర్ వాళ్ళదే బాధ్యత.

ఈ పద్ధతి మన దగ్గర కొత్తదేం కాదు. 1999 చివర్లో బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో ఒక ప్రయోగంగా మొదలైంది, 2001 ఆగస్టులో ఈసేవగా మారింది. అంతకుముందు కరెంటు బిల్లుకు ఒక క్యూ, నల్లా బిల్లుకు ఇంకో క్యూ, ఇంటి పన్నుకు మరో ఆఫీసు, ఇవన్నీ సగం రోజు సెలవు పెట్టుకుని తిరిగిన వాళ్ళకు తెలుసు. ఈసేవలో ఏ కౌంటర్లోనైనా ఏ బిల్లైనా కట్టొచ్చు, పైగా ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా! జాగా ప్రభుత్వం ఇచ్చింది, కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, మనుషులు ప్రైవేటు కంపెనీలవి. దీన్ని చూసే బెంగళూరు వాళ్ళు 2005లో బెంగళూరు వన్ పెట్టుకున్నారు. మన దగ్గర 2011 నవంబర్‌లో మీసేవ వచ్చాక బిల్లులతో పాటు ధ్రువపత్రాలూ ఈ దారిలోకి వచ్చాయి, మీ తలనొప్పి కూడా అక్కడి నుంచే. బిల్లు కట్టడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, పత్రానికి కావాలి.

ప్రశ్న: ప్రభుత్వ సేవల్లోకి ప్రైవేటు వాళ్ళు లాభం లేనిదే రారు కదా. ఆ లాభం ఎక్కడి నుంచి వస్తుంది?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎక్కువగా లావాదేవీకి ఇంత అని. ఈసేవ రోజుల్లో బిల్లు కట్టినందుకు మన దగ్గర అదనంగా ఏమీ తీసుకోలేదు, ఆయా శాఖలే కంపెనీకి చెల్లించేవి. మీసేవ పత్రాలకొచ్చేసరికి చార్జీ మన మీద పడింది. పాస్‌పోర్టు సంగతి చూడండి. విదేశాంగ శాఖ 2008లో టీసీఎస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆ పని అప్పగించింది, 2010లో బెంగళూరులో మొదలైంది. సేవా కేంద్రంలో 'ఎ' కౌంటర్లో ఫొటో, వేలిముద్రలు తీసుకునేది కంపెనీ సిబ్బంది. 'బి'లో కాగితాలు పరిశీలించేది, 'సి'లో ఇవ్వాలో వద్దో తేల్చేది ప్రభుత్వ అధికారులు. మనం కట్టే ఫీజు ప్రభుత్వానికే వెళుతుంది, అక్కడి నుంచి దరఖాస్తుల లెక్కన కంపెనీకి. నన్నడిగితే పీపీపీలో, అంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యాల్లో, మన దేశంలో కాస్త శుభ్రంగా నడిచినది ఇదే, కారణం ఇద్దరి పనికీ మధ్య గీత ఎక్కడుందో అందరికీ తెలియడం.

ప్రశ్న: మా మున్సిపాలిటీ పార్కింగ్ వసూళ్ళు, దాని ఆప్ అంతా ఒక కంపెనీకి చాలా ఏళ్ళకు ఇచ్చే ఆలోచనలో ఉంది. కాలనీ సంఘం తరఫున ఏం అడగాలి?
- కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: ముందు ఎన్నేళ్ళకో అడగండి. అమెరికాలో షికాగో నగరం 2008 డిసెంబర్‌లో తన పార్కింగ్ మీటర్లను 75 ఏళ్ళకు లీజుకిచ్చేసింది. అక్షరాలా 75! చేతికొచ్చింది సుమారు 115 కోట్ల డాలర్లు, కౌన్సిల్ ముందుకు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఓటింగ్ అయిపోయింది. మరుసటి ఏడాది నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు కాదు, నగర పాలనను తనిఖీ చేసే అధికారి) లెక్క తీస్తే, మీటర్లను నగరమే ఉంచుకుని ఉంటే వాటి విలువ అంతకంటే సుమారు 97 కోట్ల డాలర్లు ఎక్కువని తేలింది. ఇంతకంటే ఘోరం, రోడ్డు పనికో పండగకో మీటర్లు మూతపడితే ఆ నష్టాన్ని నగరమే కంపెనీకి కట్టాలి. అంటే తన వీధిని తాను మూసుకోవడానికి డబ్బులివ్వాలి.

మీ ఊళ్ళో జాతర వచ్చినా, డ్రైనేజీ తవ్వినా ఏమవుతుందో ఒప్పందంలో చూడండి. రేటు పెంచేది ఎవరు, కంపెనీ మారితే ఆప్‌లోని వాహనాల వివరాలు, పాత లెక్కలు మున్సిపాలిటీ చేతికి ఏ రూపంలో వస్తాయి, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. ఒప్పందం కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఆప్ రంగులు బాగున్నాయా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: ఇప్పుడు వాట్సాప్‌లోనే అన్నీ వస్తున్నాయిగా, ఇక సెంటర్లెందుకు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' సంగతేనా? ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న వాట్సాప్ యజమాని మెటా భాగస్వామ్యంతో 161 సేవలతో మొదలైంది. బిల్లు, పన్ను కట్టడానికి, రికార్డులో ఉన్నది తెచ్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. విచారణ కావాల్సిన పత్రానికి మాత్రం దరఖాస్తు పెట్టే చోటే మారింది, ఆ తర్వాత అది వెళ్ళేది అదే అధికారి దగ్గరికి. ఇక స్మార్ట్‌ఫోన్ లేని మీ నాన్నమ్మ గారికి ఊళ్ళోని సచివాలయమో, మీసేవ సెంటరో ఇంకా కొన్నేళ్ళు కావాల్సిందే.