ఆటలకు కథ రాయబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

గేమ్ స్టూడియోలో కథలు రాసే ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. రేడియో నాటకాలు, సీరియళ్లు రాసి రాసి ఆటల్లోకి వచ్చినవాణ్ణి కాబట్టి ఒక్క మాట చెప్తాను.

నా మొదటి ఆటకు 40 పేజీల డైలాగులు రాసుకెళ్లాను. ఆడి చూస్తున్న కుర్రాడు అన్నీ స్కిప్ కొట్టుకుంటూ పోయాడు. పక్కనే కూర్చున్న నాకు ప్రాణం ఉసూరుమంది. తప్పు అతనిది కాదు. చేతికి కంట్రోలర్ ఇచ్చి, కూర్చుని వినమన్నది నేనే.

2013లో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ ఈ వారమే ఆడు. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ స్వీడన్‌లో సినిమాలు తీసి వచ్చినవాడు. అందులోని అన్నదమ్ములిద్దరూ మాట్లాడేది కల్పించిన భాష, ఒక్క ముక్క అర్థం కాదు. కథ మాత్రం పూర్తిగా అర్థమవుతుంది. కంట్రోలర్‌లో ఎడమవైపు మీట, బటన్ అన్నను నడిపిస్తాయి, కుడివైపువి తమ్ముణ్ణి. తల్లి నీళ్లలో మునిగి చనిపోవడంతో తమ్ముడికి నీళ్లంటే భయం. అన్న వీపు పట్టుకుంటే తప్ప ఏరు దాటడు. ముగింపు చెప్పేస్తున్నందుకు ఏమనుకోకు, అది చెప్పకపోతే నా మాట నీకు అందదు. అన్న చనిపోతాడు. ఎడమచేతికి పని ఉండదు. తమ్ముడు ఒక్కడే నీళ్ల ముందు నిలబడతాడు. కుడివైపు ఎంత కదిపినా ముందుకు పోడు. ఏం చేయాలో తోచక నా ఎడమ వేలు అన్న బటన్ మీదికి వెళ్లింది. నొక్కాను. తమ్ముడు ఈదాడు. నేను కంట్రోలర్ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

సీరియల్లో అయితే ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్ వేసి, అన్న గొంతు వినిపించి ఏడిపించేవాణ్ణి. ఆటలో ఆ లోటు ముందు చేతికే తెలిసింది.

అందుకని ప్రతి సీనుకూ ముందు ఆటగాడి చెయ్యి ఏం చేస్తోందో ఒక్క వాక్యం రాసుకో. ‘చూస్తున్నాడు’ తప్ప ఇంకేమీ తట్టకపోతే ఆ సీన్ పక్కన పెట్టేయ్. అంతా రాసేసి ప్రోగ్రామర్లకు అప్పజెప్పే పని పెట్టుకోకు. మొదటి రోజు నుంచే వాళ్ల పక్కన కూర్చో, ఏ బటన్ ఏం చేస్తుందో అడుగు. నీకు బాగా నచ్చిన డైలాగ్ కోసం ఆటను ఆపమని మాత్రం అడగకు.

టెస్టింగ్ మొదలయ్యాక ఆడేవాళ్ల వేళ్లు గమనించు. ఎక్కడ తడబడ్డాయో, ఎక్కడ ఆగిపోయాయో రాసి నాకు పంపు. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి