ఏ అమ్మాయి వార్త అవుతుంది?

ప్రశ్న: కాబోయే భర్తతో వ్యానులో దేశం చూడటానికి బయలుదేరిన 22 ఏళ్ల తెల్లజాతి యువతి 2021లో అమెరికాలో కనిపించకుండా పోతే, అక్కడి టీవీ చానళ్లన్నీ రోజుల తరబడి అదే చూపించాయని డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయి చెప్పింది. ఆమె తెల్లపిల్ల కాకపోతే ఇంత పట్టించుకునేవారు కాదని కూడా అంది. ఆడపిల్ల కాబట్టి జాలిపడ్డారని నా అభిప్రాయం. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి మాటే ఎక్కువ సరైనది. అయితే జాతిని, స్త్రీత్వాన్ని విడదీసి చూస్తే లెక్క తప్పుతుంది. ఆ యువతి మృతదేహం దొరికింది వయోమింగ్ రాష్ట్రంలోని ఒక అడవిలో. అదే ఏడాది జనవరిలో వయోమింగ్ విశ్వవిద్యాలయం వెలువరించిన నివేదిక ప్రకారం, 2011 నుంచి 2020 వరకు ఆ ఒక్క రాష్ట్రంలోనే 710 మంది ఆదివాసులు కనిపించడం లేదని ఫిర్యాదులు నమోదయ్యాయి. వారిలో చాలామంది కొద్ది రోజులకే దొరికిన మాట నిజమే. హత్యల సంగతి వేరు. హతులైన తెల్లవారిలో 51 శాతం మంది గురించి పత్రికలలో వార్త వస్తే, ఆదివాసులలో 30 శాతం మంది గురించే వచ్చింది; ఆదివాసీ స్త్రీలలోనైతే 18 శాతమే. ఆడపిల్ల కావడమే జాలికి కారణమైతే ఈ చివరి అంకె 30 కంటే పైన ఉండాలి కదా! పైగా ఆదివాసుల గురించి వచ్చిన ఆ కొద్ది వార్తలలోనూ హింసను వర్ణించే మాటలు, హతులను తక్కువ చేసే మాటలు ఎక్కువగా ఉన్నాయని నివేదిక చెప్పింది. నల్లజాతి పాత్రికేయురాలు గ్వెన్ ఐఫిల్ ఈ ధోరణికి 2004లోనే ‘మిస్సింగ్ వైట్ వుమన్ సిండ్రోమ్’ (కనిపించకుండా పోయిన తెల్లజాతి స్త్రీ మీదే మీడియాకు ఉండే మోజు) అని పేరు పెట్టారు.

నిందితుల వైపు నుంచి చూస్తే ఇదే పక్షపాతం మరింత ప్రమాదకరం. 1989 అక్టోబరు 23 రాత్రి బోస్టన్‌లో చార్లెస్ స్టువర్ట్ అనే తెల్లజాతి వ్యక్తి కారులోంచి పోలీసులకు ఫోను చేసి, గర్భిణి అయిన తన భార్యను, తనను ఎవరో కాల్చారని చెప్పాడు; కాల్చినవాడు నల్లజాతివాడని ఆ తరువాత పోలీసులకు చెప్పాడు. ఆ సంభాషణను టీవీలు పదేపదే వినిపించాయి; మిషన్ హిల్ ప్రాంతంలో పోలీసులు నల్లజాతి యువకులను రోడ్ల మీదే ఆపి సోదా చేశారు. భార్యను చంపింది అతడేనని 1990 జనవరిలో సొంత తమ్ముడే బయటపెట్టాడు. తెల్లజాతి గర్భిణి, నల్లజాతి దుండగుడు అనగానే కథ ముందే సిద్ధంగా ఉన్నట్లు కనిపించింది కాబట్టి, భర్తను అడగవలసిన ప్రశ్నలు అడిగినవారు తక్కువ.

మన దగ్గర జాతి స్థానంలో కులం, ఊరు, ఉద్యోగం నిలుస్తాయి. 2019 నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత మహిళపై అత్యాచారం చేసి చంపారు. మూడు రోజుల తరువాత, 27న, శంషాబాద్ వద్ద పశువైద్యురాలి హత్య జరిగింది. దేశమంతా అట్టుడికింది రెండోదాని మీద. మొదటిది చాలా చానళ్లకు ఆ తరువాతే గుర్తుకొచ్చింది. బాధితుల అసలు పేర్లు చెప్పకూడదు కనుక వారికి మారుపేర్లు పెట్టారు. నేరాలు జరిగిన వరుసకు భిన్నంగా, ముందు ‘దిశ’ అనే పేరు, ఆ తరువాతే ‘సమత’ అనే పేరు వచ్చాయి.