కూరల పట్టిక తర్వాత, ముందు కాలి పుండు చూపించండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. ఇంట్లో అత్తమామలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఏ కాలంలో పండేవి ఆ కాలంలోనే సంతలో కొని వండుకోవాలనుకుంటున్నాం. వారానికి సరిపడా పట్టిక చెప్పగలరా? అత్తగారికి 62 ఏళ్లు, చాలాకాలంగా షుగరు. రాగి సంగటి, నేరేడు గింజల పొడి మొదలుపెట్టాక ఒంట్లో బాగుందని రాత్రి మాత్ర మానేశారు. కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు మానడం లేదు, పసుపు రాస్తున్నాం.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఆలోచన మంచిదే. కానీ మీరు చివర్లో రాసిన పుండు దగ్గరే నా దృష్టి ఆగిపోయింది. నొప్పి లేదని ఊరుకున్నారేమో. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. అందుకే నొప్పి తెలియదు, పుండు మాత్రం లోపలికి దిగుతుంది. పసుపు ఆపి, ఒకటి రెండు రోజుల్లో వైద్యుడికి చూపించండి. చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవనివ్వకండి.

ఇక మాత్ర. ఒంట్లో బాగుండటం షుగరు తగ్గినట్టు గుర్తు కాదు, అది రక్తపరీక్షలోనే తెలుస్తుంది. ఎవరినీ అడగకుండా మాత్ర మానేసి, కాలు పాడయ్యాక వచ్చేవారిని తరచూ చూస్తున్నాను కనుక కాస్త గట్టిగానే చెబుతున్నాను. నేరేడు గింజల పొడి మాత్రకు బదులు కాదు. అలాగని రాత్రి మాత్ర మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టకండి. అది ఏ మాత్రో మీరు రాయలేదు. కొన్ని రకాలతో షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. పాత చీటీ, ఆ పొడి డబ్బా రెండూ వైద్యుడి దగ్గరకు పట్టుకెళ్లండి.

రాగులు మంచివే. 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పిల్లలకు తప్పక పెట్టండి. కానీ పిండిపదార్థంలో రాగులు బియ్యానికి పెద్దగా తీసిపోవు. పైగా మన సంగటిలో బియ్యం కూడా పడుతుంది. అత్తగారికి పిడికిలంత ముద్ద చాలు. ఇప్పుడు ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) కొంచెం, సంగటి ఎక్కువ తింటుంటే ఆ లెక్క మార్చండి. సగం కంచం బీర, సొర, కాకర, గోరుచిక్కుడు వంటి కూరలు, పక్కన గిన్నెడు పప్పు ఉండాలి. చలికాలంలో అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) వస్తే ఆ గింజలు నానబెట్టి తొక్క తీసి పితికిపప్పు కూర చేయండి, ఇంటిల్లిపాదికీ మాంసకృత్తులు అందుతాయి. వేరుశనగలు బూజు పట్టినవైతే, చేదుగా ఉంటే పారేయండి, వేయించినా వాటి విషం పూర్తిగా పోదు.

మామిడి మన జిల్లా పంట, పూర్తిగా మానమనను. షుగరు అదుపులో ఉంటే నాలుగైదు ముక్కలు తినవచ్చు, రసం మాత్రం వద్దు. సంగటి తిన్న వెంటనే కూడా వద్దు. సీతాఫలానికీ అంతే. పిల్లలకు ఈ కట్టుబాట్లు అక్కరలేదు.

వారం పట్టిక ఇప్పుడే రాసివ్వలేను. మూత్రపిండాల పనితీరు తగ్గి ఉంటే మునగాకు, టమోటా, కొబ్బరినీళ్లు కూడా కొందరికి తగ్గించాల్సి వస్తుంది. మూడు నెలల సగటు షుగరు (HbA1c), మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించండి. ఆ ఫలితాలు, మామగారికి బీపీ ఉందో లేదో రాస్తే అప్పుడు మీ ఇంటికి తగినట్టు చెబుతాను.